పెట్టె దాచుకున్న చెవి

పుష్యం, చూపుల ఆదివారం

ఎండ బాగుంది. సోలార్ పలకల మీద ఉప్పు పేరుకుపోతే పొద్దున్నే నిచ్చెన వేసుకుని తడిగుడ్డతో తుడిచాను. మధ్యాహ్నానికి బ్యాటరీలు నిండాయి. అందరి ఫోటోలూ దాచిన పెట్టె అడుగున తేమ పీల్చే వేయించిన ఊక మూటలు మార్చాను. డిస్కుల్లో ఒకటి మళ్ళీ మూలుగుతోంది. వయసులో నాకన్నా ఎంతో చిన్నది, మూలుగులో మాత్రం నన్ను మించిపోయింది.

ఈ పుస్తకంలో ఎండ, కరెంటు, డిస్కుల సంగతి మాత్రమే రాయాలని మేముండే ఈ కొండగట్టు కమిటీ నియమం. కమిటీలో ఎవరూ చదవరు కాబట్టి నా ఇష్టమొచ్చింది రాస్తున్నాను.

పెట్టెకు తాళం నా మొహమే. రోజూ గొంతులో గంజి కూడా పడకముందే దాని ఎదురుగా కూర్చోవాలి. ముందు తిన్నగా చూడమంటుంది, తర్వాత ఎడమకు తిరగమంటుంది, తర్వాత కుడికి. జుట్టు చెవి మీద పడితే వెనక్కి తోసుకోమని గోల. పెళ్ళిచూపుల్లో కూడా నేను ఇన్నిసార్లు మొహం తిప్పలేదు. అంతా అయ్యాక "నిహారిక గారూ, నమస్కారం" అని తలుపు తీస్తుంది. ఈ గట్టు మీద నన్ను గారూ అని పిలిచేది అదొక్కటే.

చూపుల రోజు కాబట్టి వసారా నిండా జనం. ఒక్కో ఇంటికి ఒక అగరుబత్తి వంతు. వెలిగించి కుర్చీ పక్కన గుచ్చుతాను, అది ఆరేదాకా తెర వాళ్ళది, వాళ్ళ ఫోటోలు వాళ్ళవి. ఆరగానే కళ్ళు తుడుచుకుని లేవాలి. కొందరు తడిసిన అగరుబత్తి ఇమ్మని బతిమాలతారు, నెమ్మదిగా కాలుతుందని.

లాస్య ఎప్పటిలాగే అందరికన్నా ముందు వచ్చింది. ఆమెకు ఉన్నది ఒక్కటే ఫోటో. కూతురు అచ్చియ్యమ్మ. ఆ రోజుల్లో పిల్లలకు జేజెమ్మల పేర్లు పెట్టడం ఫ్యాషన్‌లెండి. మా ఊళ్ళున్న లంకలు మునిగిన రోజు తల్లి ఒక పడవ, పిల్ల ఒక పడవ ఎక్కారు. తల్లి పడవ ఈ గట్టుకు వచ్చింది. పిల్ల పడవ ఎటు పోయిందో ఇంతవరకూ తెలియదు. అప్పటికి అచ్చికి ఆరేళ్ళు. ఉంటే ఇప్పుడు పెళ్ళీడు.

ఫోటోలో పసుపు గౌను, ముందుపన్ను లేని నవ్వు, చంకలో బాతుపిల్ల. జుట్టు పైకి ఎత్తి కట్టింది కాబట్టి ఎడమ చెవి బాగా కనిపిస్తుంది. లాస్య వేలు పెట్టి మరీ చూపిస్తుంది.

"చూసేవా అక్కా, ఈ తమ్మె. ఉయ్యాల తాడుకి రింగు తగులుకుని సీరుకుపోయింది. ఎంత రగతవో! అంత పెద్ద రింగులొద్దే అని మా అత్త మొత్తుకుంటానే ఉంది. నేనే ఇనలేదు."

ఈ మాట వారం వారం వింటున్నాను. అయినా కొత్తగా విన్నట్టు "అయ్యో" అంటాను. అనకపోతే ఆమె మళ్ళీ మొదటినుంచీ చెబుతుంది.

మాఘం, మబ్బు

మూలిగిన డిస్కు చచ్చిపోయింది. దాని వెనకే ఇంకొకటి వేడెక్కుతోంది. కొత్తవి దొరికే చోటు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మా అమ్మ తరం వాళ్ళు ఎంత ధీమాగా బతికారో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఫోటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఫోన్‌లోంచి తీసేసేవారు. ఎక్కడ ఉందో తెలియని గోదాములో, ఎవరో తెలియని వాళ్ళ చేతిలో పెట్టి హాయిగా నిద్రపోయారు. లంకలు మునిగిన ఏడాదే ఆ గోదాములూ ఆరిపోయాయి. చివరికి ఎవరి ఫోన్‌లో ఏ ఫోటో మిగిలి ఉందో అదే మాకు దక్కింది. ఆ ఫోన్లు కూడా చచ్చేలోపు అన్నిటినీ ఈ పెట్టెలోకి దించుకున్నాం. ఇంకోచోట దాచడానికి నెట్ ఏది? పక్షానికోసారి మనిషిలేని విమానం ఒకటి వచ్చి గట్టు మీద రెండు చుట్లు తిరుగుతుంది. ఇంటికి నాలుగు మాటలు ఇచ్చి, నాలుగు మాటలు తీసుకుని పోతుంది. ఒక ఫోటో పంపాలంటే గట్టు మొత్తం మాటలు మానుకోవాలి.

కమిటీ పెద్ద కృతిక్ గారు సాయంత్రం సభ పెట్టారు. చోటు తగ్గిపోయింది, కొన్ని ఫోటోలు తీసెయ్యాలి అన్నాను నేను. సభలో నిప్పు పడ్డట్టయింది. ఎవరూ ఒప్పుకోలేదు. పక్కింటివాళ్ళవి తీసెయ్యమని మాత్రం చాలామంది చాటుగా వచ్చి చెప్పారు.

"అయితే సర్దుడు చేసేద్దావండి. బొమ్మ ఒక్కటీ పోదు, చోటూ మిగుల్తాది" అన్నారు కృతిక్ గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సర్దుడు అంటే పెట్టెలోని ఒక ప్రోగ్రాం. ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే దాచుకుంటుంది. వెయ్యి ఫోటోల్లో కొబ్బరిచెట్టు ఉంటే, బాగా కనిపించే ఒక్క కొబ్బరిచెట్టును అట్టిపెట్టుకుని మిగతావి చెరిపేస్తుంది. ఎవరడిగినా ఆ ఒక్కటే చూపిస్తుంది. కొబ్బరిచెట్టు కొబ్బరిచెట్టే కదా, ఎవరికీ నష్టం లేదు. వెనక ఒకసారి చేస్తే ఆకాశాలన్నీ ఒకటయ్యాయి, ఎవరూ గమనించలేదు.

రేపు చేస్తాను. ముందుకన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి, ఎంత గట్టిగా కలపాలో చెప్పే మీట బాగా పైకి జరపమన్నారు. వెనకటి బొమ్మను తిరిగి తెచ్చే దారి ఉండదని చెప్పాను. కృతిక్ గారు గడియారం చూసుకున్నారు.

మాఘం, చూపుల ఆదివారం

చోటు మిగిలింది. పెట్టె చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. చాలాకాలానికి నేను కూడా స్థిమితంగా కూర్చున్నాను.

మధ్యాహ్నం రిషి తాతగారు రభస చేశారు. పేరు చూసి పడుచువాడనుకోకండి, ఆయనకు పళ్ళన్నీ ఊడిపోయాయి.

"అమ్మాయ్, ఇది మా ఆవిడ కాదు."

"మరెవరండీ? పక్కనున్నది మీరే కదా?"

"నేను నేనే. ఆవిడ చెవులు ఇయ్యి కాదు. ఆవిడియ్యి చేటలంతేసి ఉండేయి. గాలొస్తే ఎగిరిపోతావే అని బతికున్నన్నాళ్ళూ ఏడిపించేను. ఇప్పుడు చూడు, సినిమా తారకి మల్లే బుల్లి చెవులు!"

"పైకెళ్ళాక ఆపరేషన్ చేయించుకున్నారేమో" అన్నాను. వసారాలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అగరుబత్తి సగం ఉండగానే లేచిపోయారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

లాస్య వంతు వచ్చినప్పుడు నేను వెనక నిలబడి చూశాను. ఆమె వేలు అలవాటుగా చెవి మీదికి పోయి ఆగిపోయింది. తమ్మె నున్నగా, నిండుగా ఉంది. చీలిక లేదు.

"ఇదేటక్కా, గీత కనపట్టంలేదు?"

"సర్దుడులో చెదిరిందేమో లాస్యా."

ఆమె తెరకు దగ్గరగా జరిగి చాలాసేపు చూసింది. తర్వాత ఆమె మొహం విచ్చుకుంది. "ఎంత బాగా మానిపోయిందో చూడు" అంది.

ఫోటోలో గాయం మానదని నేను చెప్పలేదు. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు మరి.

ఫాల్గుణం, ఉక్క

రెండు రోజులు తలుపు వేసుకుని పెట్టె ముందు కూర్చున్నాను. నాకు ఈ పని కొత్త కాదు. లంకల్లో ఉన్నప్పుడు పెళ్ళి ఆల్బమ్‌లు చేసేదాన్ని. మొటిమలు తుడిచి, రంగు తేల్చి, ముక్కు కొసలు చెక్కి ఇచ్చేదాన్ని. మొహంలో ఏది ఎక్కడ మారిందో నా కన్ను పట్టేస్తుంది.

రిషి తాతగారి భార్య చెవి పెద్దది చేసి ఒక పక్క పెట్టాను. వేరే ఇంటి ముసలమ్మ చెవి ఇంకో పక్క పెట్టాను. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఒకరినొకరు చూసి ఎరగరు. చెవి ఒకటే. లోపలి మడత, పైన ఉన్న చిన్న నొక్కు, తమ్మె వంపు, అన్నీ ఒకటే. ఇంకో ఇంటి పిల్లాడిది తీశాను, అదే. చనిపోయిన బడిపంతులుది తీశాను, అదే. పెట్టెకు చెవులు కూడా కొబ్బరిచెట్లలాగే తోచాయి. ఒక్క చెవి దాచుకుని గట్టు మీద అందరికీ అతికించింది.

కనుబొమలు కూడా కలిసిపోవడం మొదలైంది. కొన్ని మొహాల్లో ముక్కు కూడా.

కృతిక్ గారికి చూపించాను. ఆయన తెలివితక్కువవారు కాదు, చూడగానే అర్థమైంది. మంచినీళ్ళు అడిగి తాగారు.

"మనిషిని చెవి చూసి గుర్తుపడతావా నిహారికా?"

"ఇవాళ చెవి. రేపు ముక్కు. ఎల్లుండి మన అందరి అమ్మలూ ఒకే అమ్మ అవుతుంది."

"అలాగని ఇప్పుడేం చెయ్యగలం? పోయినయ్యి తిరిగొస్తాయా?"

"రావు."

"మరి చెప్పి ఏం లాభం? ఆదివారం కోసవే బతుకుతున్నారు ఈళ్ళంతా. ఆ కాస్తా పీకేస్తే ఈ కొండ మీద ఏవుందని బతుకుతారు?"

ఇంకో డిస్కు పోయేలా ఉందని, మళ్ళీ సర్దుడు తప్పదని కూడా చెప్పి వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. జవాబు దొరకనందుకు ఇంకా ఎక్కువ వచ్చింది.

రిషి తాతగారికి మాత్రం వెళ్ళి చెప్పాను. నవ్వినందుకు ఆయనకు ఆపాటి బాకీ ఉన్నాననిపించింది. ఆయన చాలాసేపు తల ఊపారు. "ఇంక నేను రాన్లే అమ్మాయ్. కళ్ళు మూసుకుంటే ఇంకా చేటలే కనపడతన్నాయి. పోయేదాకా అయ్యి చాలు" అన్నారు. మా వసారాలో ఆయన చోటు ఖాళీ అయింది.

చైత్రం, విమానం వచ్చిన రోజు

రెండో సర్దుడు కూడా అయిపోయింది. దాని గురించి రాయబుద్ధి కావడం లేదు.

విమానం తెచ్చిన మాటల్లో ఒకటి లాస్యకు. ఉత్తరాన ఉప్పుమడుల శిబిరం నుంచి వచ్చింది. "నా పేరు అచ్చియ్యమ్మ అని చెప్పేవారు. మా అమ్మ లాస్య. ఉప్పు పడవలో వస్తున్నాను." అంతే ఉంది.

పరుగున వెళ్ళి చదివి వినిపించాను. లాస్య ఎగిరి గంతేస్తుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతోంది, ఏరుతూనే ఉంది.

"రానీ. బొమ్మతో పెట్టి చూద్దాం" అంది.

ఆమెను తప్పుపట్టలేను. ఇంతకుముందు ఇద్దరు పిల్లలు అచ్చినని చెప్పుకుని వచ్చారు. గట్టు మీద గుడిసె, గంజి దొరుకుతాయంటే ఎవరు రారు? పడవల మీద ఎవరి కథో విని, బాతుపిల్లతో సహా వల్లించుకుని వచ్చారు. లాస్య ఇద్దరినీ గుండెలకు హత్తుకుంది. మొదటిదానికి తన చీరలు ఇచ్చింది. అసలు సంగతి బయటపడ్డాక ఆ పిల్లలు వెళ్ళిపోయారు గానీ, లాస్య మంచం పట్టింది. అప్పుడే కమిటీ నియమం పెట్టింది. నోటిమాట చెల్లదు, బొమ్మ కుదిరితేనే గట్టు ఎక్కనివ్వాలి. రక్తం చూసి చెప్పే యంత్రాలు మా కాలంలో ఎక్కడా మిగల్లేదు. ఉన్న సాక్ష్యం ఈ పెట్టె ఒక్కటే.

ఆ సాక్ష్యం అబద్ధమని నాకు తెలుసు. ఇంక నోరు మూసుకోవడం నావల్ల కాలేదు. బియ్యం చేట పక్కకు జరిపి, ఎదురుగా కూర్చుని చెప్పాను.

"లాస్యా, ఆ బొమ్మ మారిపోయింది. ఆ చెవి అచ్చిది కాదు. ముక్కు కూడా కాదేమో. వచ్చే పిల్లను బొమ్మతో కాదు, నీ కళ్ళతో చూడు. చెవి తమ్మె తెగి ఉందేమో చూడు."

"తెగడవేటి?"

"ఉయ్యాల తాడుకు రింగు తగులుకుని చీరుకుపోయిందని వారం వారం నువ్వే కదా చెప్పేదానివి?"

లాస్య నన్ను జాలిగా చూసింది. "అది మా చెల్లికక్కా. చిన్నప్పుడు మా చెల్లికి తెగింది. అచ్చికెందుకు తెగుద్ది? బొమ్మలో చూళ్ళేదా, ఎంత సక్కగా ఉందో."

బియ్యం చేట తిరిగి ఆమె ముందుకు జరిపాను. సర్దుడు పెట్టెలోనే జరుగుతోందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

వైశాఖం, ఉప్పు పడవ

పడవ పొద్దెక్కాక వచ్చింది. పోటు తగ్గేలోపు తిరిగి పోవాలని పడవవాడు ముందే కేక వేశాడు.

రేవులో సగం గట్టు జనం ఉన్నారు. పిల్ల దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. నియమం ప్రకారం బొమ్మ కుదిరేదాకా పొడి నేల తొక్కకూడదు. బక్కగా ఉంది, ఉప్పుకు చేతులు పగిలిపోయాయి. జుట్టు ముడి వేసుకుంది. నేను ముందు చూసింది చెవే. ఎడమ తమ్మె రెండుగా చీలి, చీలినట్టే మానిపోయి ఉంది.

లాస్య భుజం పట్టుకుని కుదిపాను. "చూడు! చెవి చూడు!"

లాస్య చూసింది. "తెగిన చెవులు ఎంతమందికుండవు?" అంది.

కృతిక్ గారు పెట్టెకు కలిపిన చేతితెర తెచ్చారు. పిల్ల మొహాన్ని బొమ్మ తీసి ఫోటోతో పోల్చమన్నారు. పెట్టె కాసేపు ఆలోచించి, కుదరలేదంది. ఇంకోసారి అడిగినా అదే మాట.

నేను ఊరుకోలేదు. "ఆ బొమ్మే తప్పు" అని అరిచాను. "రెండుసార్లు సర్దాం. మొహాలన్నీ కలిపేసింది. ఇది ఒక్క అచ్చి సంగతి కాదు, మీ అందరి ఫోటోలూ అంతే. మీరు ఆదివారం చూసి ఏడుస్తున్నది మీ వాళ్ళను కాదు!"

అనకూడని మాట అన్నానని వెంటనే తెలిసింది. ముందు ఎవరో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. తర్వాత తిట్లు వచ్చాయి. మా నాన్న మొహం నాకు తెలీదా అన్నాడొకడు. పిచ్చెక్కింది దీనికి, పెట్టెగది తాళం లాక్కోండి అన్నారింకొకరు. నా తల పట్టుకుపోతారా అని నాకు నవ్వు కూడా వచ్చింది. నిజం తెలిసిన కృతిక్ గారు మాత్రం నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు.

"ఒక్కమాటండి" అంది పిల్ల. అంత గోలలోనూ ఆ గొంతు వినిపించింది. "నాను ఆ బొమ్మ ఒకపాలి సూడొచ్చా? నా సిన్నప్పటి బొమ్మ నానెప్పుడూ సూడనేదండి."

నేనే చేతితెర పట్టుకుని నీళ్ళలోకి దిగాను. పిల్ల తడిచేతులు గౌనుకు తుడుచుకుని, తాకకుండా వంగి చూసింది.

"బాతుపిల్ల" అంది. "ఇది నాకు గురుతుందండి. దీని కాలికి ఎర్రదారం ఉండీది. ఉండాల."

ఉంది. తెర మీద వేలితో పెద్దది చేసి చూపించాను. బాతుపిల్లలు మా పెట్టెలో ఎన్నో లేవు కాబట్టి సర్దుడు దాని జోలికి పోలేదు. ఎర్రదారం అలాగే ఉంది. ఒడ్డుకు తిరిగి కేకేశాను. "ఎర్రదారం సంగతి చెప్పింది లాస్యా! పెద్దది చేసి చూపించకముందే చెప్పింది!"

"ఎనకటి పిల్లలు కూడా చెప్పేరు" అంది లాస్య. ఒక అడుగు ముందుకు వేసింది. నీళ్ళు కాళ్ళకు తగిలాయి. ఆ పిల్ల మొహంలోకి చూసింది, నా చేతిలో తెరకేసి చూసింది, మళ్ళీ పిల్లను చూసింది. ఇంకొక్క అడుగు వేస్తుందనుకున్నాను.

"మాట కూడా మన లంకల మాట కాదు" అని వెనక్కి వెళ్ళిపోయింది.

పిల్ల ఇంకా ఫోటోనే చూస్తోంది. దాని మొహంలో ఏదో ఆరిపోతూ వచ్చింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నా మొహం, ఫోటో, మళ్ళీ నా మొహం.

"తప్పయిపోనాదండి" అంది నెమ్మదిగా. "బాతుపిల్ల ఎవురింట్లో సూసినానో, నాదే అనుకున్నాను. ఈ పాప నాను కాదు. ఈ పాప మీకేటవుద్దండి? సెవీ, కనుబొమలూ, అచ్చు మీ పోలికే."

నాకు ఆ మాట అర్థమయ్యేసరికి అది పడవ ఎక్కేసింది. నడుముదాకా నీళ్ళలోకి పరిగెత్తి పిలిచాను. పడవవాడు పోటు తగ్గిపోతోందని చెయ్యి ఊపాడు. పిల్ల వెనక్కి తిరగలేదు. తనను కాదన్నది తల్లి ఒక్కతే అయితే తిరిగి చూసేదేమో. తనను కాదన్నది తనే.

వైశాఖం, ఆ మర్నాడు

పొద్దున పెట్టె ముందు కూర్చున్నాను. తిన్నగా చూడమంది, చూశాను. ఎడమకు తిరగమంది. జుట్టు చెవి మీద పడిందట, వెనక్కి తోసుకోమంది.

తోసుకోలేదు. పక్కన అద్దం పెట్టుకుని నా చెవిని నేనే చూసుకున్నాను. లోపలి మడత, పైన చిన్న నొక్కు, తమ్మె వంపు.

ఎంత తేలికైన సంగతి! పెట్టె బాగా కనిపించినదాన్ని దాచుకుంటుంది. దానికి ఇన్నేళ్ళుగా రోజూ, తెల్లవారగానే, మంచి వెలుతురులో, ఎడమా కుడీ తిరిగి బాగా కనిపించిన చెవి ఎవరిది? గట్టు మీద చచ్చినవాళ్ళందరికీ నా చెవి. రిషి తాతగారి భార్యకు నా చెవి. ఆల్బమ్‌లు చేసే రోజుల్లో ఏ పెళ్ళికూతురికీ నా ముక్కు అతికించలేదు, ఆ పుణ్యం ఈ పెట్టె కట్టుకుంది.

చివరికి జుట్టు వెనక్కి తోసుకున్నాను. తలుపు తెరవకపోతే ఊక మూటలు ఎవరు మారుస్తారు? "నిహారిక గారూ, నమస్కారం" అంది.

వైశాఖం, చూపుల ఆదివారం

నిన్న విమానం వచ్చింది. నా వాటా మాటలన్నీ కలిపి ఉప్పుమడుల శిబిరానికి పంపాను. ఆ పిల్ల అచ్చే, తిరిగి పంపండి, నేను నా ఇంట్లో ఉంచుకుంటాను అని. విమానం ఎగురుతూనే శిబిరాలకు మాటలు అందిస్తుంది కాబట్టి, రెండో చుట్టులోనే జవాబు వచ్చింది. పిల్ల అక్కడికి చేరలేదట. దారిలో ఏదో రేవులో నీళ్ళకోసం పడవ ఆగితే దిగి వెళ్ళిపోయిందట. ఏ పేరు చెప్పుకుని ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. అచ్చియ్యమ్మనని మాత్రం ఇక చెప్పుకోదు. ఆ పేరు ఇక్కడే వదిలేసి వెళ్ళింది.

రేవులో నన్ను తిట్టినవాళ్ళంతా ఇవాళ వసారాలో వరసగా కూర్చున్నారు. నన్ను మాట్లాడనివ్వకుండా, తలలు వంచుకుని వంతుకోసం చూస్తున్నారు. కృతిక్ గారు కూడా వచ్చారు, వాళ్ళ నాన్నగారిని చూసుకోవడానికి.

మొదటి వంతు లాస్యదే. అగరుబత్తి వెలిగించి గుచ్చాను. పసుపు గౌను, బాతుపిల్ల, నవ్వు. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టు ఎత్తిపట్టి, నా ఎడమ చెవిని తెర పక్కన పెట్టాను.

"బాగా చూడు లాస్యా. ఈ చెవి నాది. పెట్టె నాది తీసి అచ్చికి పెట్టింది. ఆ రోజు నీళ్ళలో నిలబడ్డది నీ కూతురు."

లాస్య తెరను చూసింది. నా చెవిని చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. అర్థమైందనుకున్నాను. అర్థమైంది కూడానేమో, ఒక్క క్షణం. నోరు తెరిచింది, అరుస్తుందనుకున్నాను.

అరవలేదు. చెయ్యి చాపి నా చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుంది. మెల్లగా నిమిరింది.

"అవునక్కా" అంది. "మా అచ్చిది అచ్చంగా నీ చెవే. అందుకేనేమో నువ్వంటే నాకింత ఇది."

ఆ వేళ్ళు నా చెవిని వదల్లేదు. కళ్ళు తెర మీద, చెయ్యి నా చెవి మీద. పిల్లకు తలంటి పోసి చెవులు తుడుస్తున్నట్టు, మడత మడతా తడుముతోంది. ఏదో గొణుగుతోంది కూడా, నాతో కాదు. నేను మెడ నొప్పి పుడుతున్నా కదలకుండా కూర్చున్నాను.

వసారాలో తర్వాతి ఇంటివాళ్ళు దగ్గుతున్నారు. అగరుబత్తి ఆరిపోయింది. చెయ్యి చాపి ఇంకొకటి వెలిగించాను.